ఆంటీ నడిపిన కారు

పైకప్పు వెనక్కి మడిచే ఆ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు సైనిక్‌పురిలో ఒక ఇంటి గ్యారేజీలో ఏళ్లుగా కదలకుండా ఉంది. అమ్ముతున్నది డెబ్బై దాటిన ఆంటీ. కోస్తా నుంచి పెళ్లయి వచ్చి, సైన్యంలో పనిచేసిన భర్తతో ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన పోయి చాలాకాలమైంది.

"అంకుల్ గుర్తుగా దాచుకున్నారా?" అని అడిగాను.

ఆమె నవ్వారు. "ఆయనకి గేర్లు సరిగా పడేవే కావమ్మా. ఇది నేను నడిపిన కారు."

చిన్నప్పుడు మా చిలకలగూడ వీధిలో అలాంటి కారు ఒకటి వెళ్లడం చూశాను. పిల్లల చదువులయ్యాక కొనుక్కుందామని వెతుకుతూ ఇక్కడికి వచ్చాను. నాతో వచ్చిన మా ఆయన కారు చుట్టూ తిరిగి చూసి, "రెండే సీట్లున్నయి. మిగిలినోళ్లు ఏడ కూసుంటరు?" అన్నాడు. ఇంట్ల కూసుంటరు అన్నాను.

కారు కొని, బన్సీలాల్‌పేట్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి లాగించుకెళ్లాను. బ్రేకులు బిగుసుకుపోయాయి. వైర్లు ఎలుకలు కొరికేశాయి. ఇలాంటి బండి ఎన్నడూ విప్పలేదని అతను ముందే చెప్పాడు. కార్బురేటర్ బిగించడం, మళ్లీ విప్పడం చాలాసార్లు జరిగింది. సామాన్ల కోసం నేనే రాణిగంజ్ దుకాణాలు తిరిగాను. దొరకనివి లేత్ మిషన్ మీద చేయించాం. పైకప్పు గుడ్డ కుట్టినతను కురచగా కుట్టేస్తే అదీ మళ్లీ కుట్టించాల్సి వచ్చింది.

ఈ మధ్యలో ఆంటీ తరచు ఫోన్ చేసి హారన్ మోగుతోందా, సీటు ఇంకా కిర్రుమంటోందా అని అడిగేవారు. ఒక్కోసారి నాకు విసుగొచ్చేది. కొన్నది నేనే అయినా కారు ఇంకా ఆమెదేననిపించేది. వెలిసిపోయిన ఆకుపచ్చ తీసేసి ఎర్ర రంగు వేయించినప్పుడు ఆమెకు చెప్పలేదు. తీరా చూపించడానికి తీసుకెళ్తే, "బాగుంది. ఆ ఆకుపచ్చ ఆయన ఎంపిక. నాకెప్పుడూ నచ్చలేదు" అన్నారు. తర్వాత, "ఒక్కసారి నన్ను నడపనిస్తావా?" అని అడిగారు.

భయపడుతూనే తాళాలిచ్చాను. గేటు దాటించిన తీరు చూసి భయం పోయింది. నా చేతిలో మొరాయించే గేరు ఆమె చేతిలో చప్పుడు లేకుండా పడింది. ఆమె మొహం వెలిగిపోయింది. రెండో మలుపులో కుడి పక్క సందులోంచి ఒక స్కూటర్ వచ్చింది. ఆమె చూడలేదు. నేను అరిస్తే బ్రేకు వేశారు. స్కూటరతను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె కారు పక్కకు తీసి ఇంజిన్ ఆపేశారు. చేతులు మాత్రం స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"ఆ పక్క నాకు కనబడలేదమ్మా," అన్నారు. "నువ్విటు వచ్చి కూర్చో."

సీట్లు మారాం. ఇంటి దగ్గర దింపేయనా అంటే, అప్పుడే ఎందుకు, ఇంకాస్త దూరం పోనీ అన్నారు. కారు ఆ రోజుతో పూర్తిగా నాదయింది. కానీ సంతోషం కలగలేదు. పక్కనున్న మనిషి ఒకటి వదులుకుంటుంటే చేయి చాపి అందుకున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత ఆమె మళ్లీ తాళాలడగలేదు. ఇప్పుడు ఆదివారాలు చర్చి అయ్యాక ఆమెను ఎక్కించుకుని తిరిగొస్తుంటాను. ఎటు వెళ్లాలో ఆమే చెబుతారు. ఒక్కోసారి గాలికి కళ్లు మూసుకుని కూర్చుంటారు. నిద్రపట్టిందేమోనని నెమ్మదిగా నడిపితే, కళ్లు తెరవకుండానే, "ఎందుకమ్మా తగ్గించావు?" అంటారు.