బావ పాఠాల మూట

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ డాక్టరే. మెట్ల కింద ఒక బల్ల, రెండు కుర్చీలు పట్టేంత కొట్టు. పాడైన కంప్యూటరు తీసుకెళ్తే, చెవి ఆనించి లోపలి ఫ్యాను చప్పుడు విని, రోగం ఇదీ అని చెప్పేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే అయ్యేది. పేరు అలా వచ్చింది. పేరుతో పాటు కాస్త గీర కూడా వచ్చింది. మిషను అబద్ధమాడదు, తెచ్చినవాళ్ళే ఆడతారు అనేవాడు, తెచ్చినవాళ్ళ మొహం మీదే.

ఈ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు గానీ, నేర్చుకోవడానికి చోటిచ్చింది మాత్రం అక్క మొగుడు. ఆయన దర్జీ. కుట్టడమే కాదు, పదిమందికి కుట్టు నేర్పేవాడు. తన కుట్టుగదిలో ఒక మూల చూపించి, ఇక్కడ కూర్చుని విప్పుకో బావమరిదీ, నీ స్క్రూలు మాత్రం నా గుడ్డల్లో పడెయ్యకు అన్నాడు. ఆరేళ్ళు ఆ మూలే ఇతని కొట్టు. చెయ్యి తిరిగింది అక్కడే.

ఆ బావ పోయాడు. జబ్బు తెలిసిన దగ్గర్నుంచి, ఓపిక ఉన్న పూటల్లా ఫోను ముందు పెట్టుకుని పాఠాలు చెప్పి దాచాడు. కొలత ఎలా తియ్యాలి, గుడ్డ ఎటు మడవాలి, కత్తెర ఎక్కడ ఆపాలి. మొత్తం నలభై ఒకటి. ఇదంతా ఎందుకంటే, అక్కకి పని చేతిలో ఉంది గానీ మాటలో లేదు. చేసి చూపిస్తుంది, విడమరిచి చెప్పలేదు. తను లేకపోయినా తన మాట వినిపిస్తూ ఆమె నేర్పుకుంటుంది, గది మూతపడదు అని ఆయన ఆశ. ఆయన పోయిన రెండు నెలలకి ఆ ఫోను కింద పడి, అదీ పోయింది. ఫోన్ల కొట్టతను అందులోంచి పాఠాలన్నీ ఎలాగో బయటికి లాగి, ఒకే జిప్ ఫైలు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు.

జిప్ అంటే ఏముంది, బట్టలన్నీ మడిచి, గట్టిగా అదిమి, ఒకే మూట కట్టినట్టు. మూటకి చీటీ కూడా ఉంటుంది, లోపల ఏం పెట్టారో లెక్కతో సహా. విప్పినప్పుడు ఆ లెక్క కుదరకపోతే కంప్యూటరు ఫైలు పాడైందంటుంది.

అక్క ఆ మూట పట్టుకుని తమ్ముడి కొట్టుకొచ్చింది. అప్పటికి అక్కడ ఇద్దరున్నారు. ఒకడు ఎదురు వరసలో ఫొటో స్టూడియో అతను, ఇంకొకావిడ ప్రింటరు బాగుచేయించుకోవడానికి వచ్చింది. డాక్టరు మూటని తన మిషనులోకి తీసుకున్నాడు. కాపీ చెయ్యలేదు. పెన్‌డ్రైవ్‌లో మిగలకుండా కట్ చేసి తెచ్చుకున్నాడు. అది అతని అలవాటు, ఒకే సరుకు రెండుచోట్ల ఉంటే చిరాకు. విప్పబోతే ఆరో పాఠం దగ్గర ఆగింది. మళ్ళీ విప్పితే పంతొమ్మిదో దాని దగ్గర. మూడోసారి మొదట్లోనే. రాని పాఠాన్ని వదిలేసి మిగతావి తియ్యమంటే తీస్తుంది. ఆ మాత్రం ఓపిక ఆరోజు లేకపోయింది, వెనకాల ఇద్దరు కాచుకుని ఉన్నారాయె. దీన్ని ఏమైనా చేశావా అని అక్కనడిగాడు.

ఆమె దాచుకునే మనిషి కాదు. వస్తుందేమోనని టీవీకి పెట్టి చూశాను రా, రాలేదు, పీకేశాను అంది.

అదే దొరికింది అతనికి.

"టీవీ ఆపకుండా పీకేస్తే ఇంకేం మిగుల్తుంది? బావ గొంతు మిగిలింది ఇదొక్కటే. దాన్ని నీ చేత్తోనే పోగొట్టుకున్నావు" అన్నాడు.

మనిషి పోయాక మొదట మరుపున పడేది గొంతే. మొహానికి ఫొటోలుంటాయి, బట్టలకి వాసన ఉంటుంది, గొంతుకి ఏమీ ఉండదు. ఆ సంగతి ఆమెకి అప్పటికే తెలిసొస్తోంది. ఏడవలేదు. తన కుడిచెయ్యి కేసి చూసుకుంది. ఆ పెన్‌డ్రైవ్ నువ్వే ఉంచుకో, నాకెందుకు అని మెట్లు దాటి వెళ్ళిపోయింది. ప్రింటరు ఆవిడ అయ్యో అంది. డాక్టరు ప్రింటరు మూత తెరిచాడు.

తర్వాత సంగతులు భార్య చెప్తే తెలిసేవి. వదిన కుట్టుగదికి తాళం వేసిందట. నేర్చుకునే ఆరుగురూ తలో దిక్కూ అయిపోయారట. రెడీమేడ్ చొక్కాలు కుట్టే చోట మేడమీద బొత్తాలు కుట్టే పనికి కుదిరిందట. ఎవరైనా ఫోను చేతికిస్తే, మీరే నొక్కండమ్మా, నా చెయ్యి మంచిది కాదు అంటోందట. ఇవన్నీ చెప్పి భార్య, మీరోసారి వెళ్ళి రాకూడదా అనేది. వెళ్దాంలే అనేవాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అతనికి తన నోరు జారిందని కూడా తెలియదు అప్పటికి. ఉన్నమాటే అన్నాననుకున్నాడు.

అలా నాలుగు నెలలు గడిచాక, ఫొటో స్టూడియో అతను పెళ్ళి ఫొటోల జిప్ ఒకటి తెచ్చాడు, ఆల్బమ్‌కి పేజీలు పేర్చమని. అదీ మధ్యలో ఆగిపోయింది. డాక్టరు మామూలు మాటే అన్నాడు, నువ్వే సరిగ్గా ఎక్కించలేదని. అతను వెళ్ళి, పావుగంటలో తన ల్యాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టి, అక్కడే విప్పి చూపించాడు. ఎనిమిది వందల ఫొటోలూ ఒక్కటి తప్పకుండా వచ్చాయి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది డాక్టరుగారూ. ఊరందరికీ జ్వరం చూస్తారు, ఒకసారి మీ నాడి పట్టుకు చూసుకోండి" అని నవ్వుతూనే అన్నాడు.

డాక్టరు నవ్వలేదు. అతను వెళ్ళాక కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాడు. ఆ ఫొటోల మూటనే పదిసార్లు విప్పి, ప్రతిసారీ ఎక్కడ పాడైందంటుందో రాసుకున్నాడు. ఒకసారి నూట పన్నెండో ఫొటో. ఒకసారి నలభై ఏడు. ఒకసారి ఏ గొడవా లేకుండా అంతా వచ్చేసింది. చిరిగిన దుప్పటి ఎన్నిసార్లు విప్పినా చిరిగినచోటే చిరిగి ఉంటుంది. ఒకసారి అంచున, ఒకసారి నడిమధ్యన చిరుగు కనిపిస్తోందంటే, తప్పు దుప్పటిది కాదు, చూసే కళ్ళది.

మిషను మూత తీశాడు. పని చేసేటప్పుడు కంప్యూటరు అన్నిటినీ ఒక్క క్షణం పట్టుకుని ఉంచే చోటొకటుంది, ర్యామ్ అంటారు. అతని మిషనులో అలాంటి ముక్కలు రెండున్నాయి. ఒకటి తీసేసి విప్పితే ఇరవైసార్లకి ఇరవైసార్లూ శుభ్రంగా వచ్చింది. తీసినదాన్ని మళ్ళీ పెట్టి పరీక్ష నడిపితే తెరంతా తప్పులు చూపే ఎర్రటి గీతలు. ఎవరిదో చచ్చిన మిషనులోంచి పీకి, బాగానే ఉందిలే అని తనే పెట్టుకున్న ముక్క అది. పరీక్షించకుండా పాత ముక్క పెట్టకండి అని వీధంతా చెప్పే మనిషి, తన మిషనుకి ఆ పరీక్ష చెయ్యలేదు. ఏ ముక్క వేసినా దానిమీద మార్కరుతో తేదీ రాయడం అతని పద్ధతి. తేదీ తన చేతిరాతే. అక్క మూట మిషనులోకి వచ్చిన తేదీ ఫైలు పక్కనే కనిపిస్తోంది. ఆ ముక్క పెట్టిన పదకొండు రోజులకి అక్క వచ్చింది.

తల కొట్టేసినట్టయింది.

బావ పాఠాల మూట విప్పాడు. నలభై ఒకటిలో ముప్ఫై ఎనిమిది వచ్చాయి. మూడు రాలేదు. ఎన్నిసార్లు విప్పినా అవే మూడు. ఆ పాడు ముక్క మీదుగా కట్ చేసి తెచ్చుకున్నప్పుడే అవి నలిగిపోయాయి. పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసిన దాన్ని కూడా ఒక్కోసారి బతికించొచ్చు, దానిమీద కొత్తగా ఏమీ రాయకుండా ఉంటే. ఈ నాలుగు నెలలూ అదే పెన్‌డ్రైవ్‌తో అతను పదిమంది మిషన్లు బాగుచేశాడు. దానిమీద ఎన్నిసార్లు ఏమేం రాశాడో లెక్కలేదు.

భార్యకి చెప్పాడు. వదినకి ఏం చెప్తారు అంది. వచ్చినవి ఇస్తానన్నాడు. నేనడిగింది అది కాదు అంది ఆమె.

బొత్తాలు కుట్టే చోటికి మేడ మీదికి వెళ్ళాడు. పొడుగాటి గది, కిటికీల వెంట వరసగా ఆడవాళ్ళు, ఒళ్ళో చొక్కాలు. అక్క చిక్కిపోయింది. అతన్ని చూసి లేచి నిలబడింది, ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. పాఠాలు దొరికాయక్కా, ముప్ఫై ఎనిమిది, మూడు మాత్రం రాలేదు అని ఫోనులో ఒకటి వినిపించాడు. గుడ్డని లాగకండమ్మా, అది చెప్పినట్టు మీరు వినండి అంటోంది బావ గొంతు.

ఆమె అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయింది. పక్కవాళ్ళంతా చేతులాపారు. కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, వాళ్ళకి చూపిస్తూ అంది:

"మా తమ్ముడు. నేను పాడుచేస్తే వీడు బతికించాడు. మూడేగా పోయింది, నా చేతికి అంతకంటే ఎక్కువే పోవాలి."

వాళ్ళంతా ఎంత బంగారం లాంటి తమ్ముడమ్మా అన్నారు. ఒకామె మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగాడు. వస్తానని చెప్పి బయటపడ్డాడు. ఇక చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు. పన్నెండు మెట్లు దిగాడు. పదమూడోది దిగబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగాడు.

"అక్కా, నువ్వు పాడుచెయ్యలేదు" అన్నాడు, గుమ్మంలోనే, అందరికీ వినపడేలా. "పాడయింది నా మిషను. ఆ మూడూ నా చేతిలోనే పోయాయి. నువ్వు తెచ్చినప్పుడు నలభై ఒకటీ ఉన్నాయి."

అక్క అతని కేసి చూసింది, ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు.

"ఏ మూడు?" అంది.

కాలరు, జేబు, ఆఖరిది అన్నాడు. కాలరూ జేబూ నాకొచ్చులే అంది ఆమె. ఆఖరిదాని గురించి ఏమీ అనలేదు. అందులో ఏముందో అతనికి తెలియదు. ఆమెకి తెలుసని మాత్రం ఆ మొహం చూస్తే అర్థమైంది.

అరచెయ్యి తిప్పి చూసుకుంటూ అంది. "నాలుగు నెలలు రా. రోజూ ఈ చెయ్యి చూసుకున్నాను."

క్షమించమని అడగాలని వచ్చింది నోటిదాకా. అడిగితే ఆమె క్షమించేస్తుంది, అదీ తెలుసు. అందుకే అడగలేదు.

"నువ్వు ఆ మాట అన్నది ఇక్కడ కాదు కదా" అంది అక్క. "నీ కొట్లో అన్నావు. విన్నవాళ్ళు వేరే. వాళ్ళకి చెప్పి, అప్పుడు మా ఇంటికి రా."

ఒళ్ళోకి చొక్కా లాక్కుంది. అతను మెట్లు దిగాడు.

ప్రింటరు ఆవిడ ఇల్లు కనుక్కుని వెళ్తే, ఆవిడకి గుర్తే లేదు. ఏ అక్క బాబూ అంది. గుర్తుచేసి మరీ తన తప్పు చెప్పుకోవాల్సి వచ్చింది, మొదటినుంచీ, అన్న మాటతో సహా. అక్కణ్ణుంచి ఫొటో స్టూడియోకి వెళ్ళాడు. రండి డాక్టరుగారూ, నాడి దొరికిందా అని మొదలుపెట్టాడు అతను. దొరికిందన్నాడు. నిలబడే చెప్పాడంతా. ప్రతిదానికీ ఒక మాట సిద్ధంగా ఉండే మనిషి, ఆరోజు మాత్రం కెమెరా అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ అంతా విన్నాడు. డాక్టరు అటునుంచి అటే అక్క ఇంటి దారి పట్టాడు.