చిన్నబాపు చెప్పిన ‘నోహౌ’

మా చిన్నబాపు ‘నోహౌ’ అంటే మీరు నవ్వారు. “గదేం ఇంగ్లీషు?” అంటూ సిరిసిల్ల చాయ్ హోటల్లో ఆయన ముఖం మీదే నవ్వారు. ఆయన్ని ఎడారికి పంపిన ఏజెంటు వస్తే మాత్రం లేచి కుర్చీ వేశారు. మా బాపుకు తమ్ముడు, నాకు చిన్నబాపు, పోయిన నెల కన్నుమూశాడు. మీ సంతాపం మీద నాకు అనుమానమే.

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బందైన రోజుల్లో, దుబాయ్ బట్టల మిల్లులో పని ఉందంటే, వేరే దారిలేక కోరుట్ల ఏజెంటు దగ్గరికి పోయాడు. అక్కడ ఇంటర్వ్యూకు ముందు పాఠం చెప్పేవారు. “ఏమడిగినా ఎస్ సార్ అనుండ్రి. నో అంటే వీసా పాయె!” బట్టల మిల్లులో కాకుండా వేరే పనైనా చేస్తావా అని దుబాయ్ మనిషి ఇంగ్లీషులో అడిగాడు. అర్థంకాని చిన్నబాపు నేర్పినట్టే “ఎస్ సార్” అన్నాడు. మగ్గం నడిపిన చేతికి ఎడారిలో మేకల కర్ర ఇచ్చారు.

అక్కడ నీళ్ల ట్యాంకరు తెచ్చే ముసలి డ్రైవరు నోట ‘నోహౌ’ విన్నాడు. పుస్తకాల ఇంగ్లీషు కాదు, కూలీల ఇంగ్లీషు. ఏ విధంగానూ కాదని దానర్థం.

“ఉత్త నో అంటే గీ పని కాకుంటే గా పని అంటరు. నోహౌ అంటే ఎట్ల తిప్పి అడిగినా కాదన్నట్టు” అనేవాడు.

తిరిగొచ్చాక అన్నిటికీ అదే. చాయ్‌లో ఇంకాస్త చక్కెరా? నోహౌ. అలిగిన పూట అన్నానికీ నోహౌ. “ఆకలైతే నీ నోహౌ నువ్వే మింగుతవ్ తియ్!” అనేది చిన్నమ్మ. ‘నాట్ ఎట్ ఆల్’ అనాలని ఒక లెక్చరర్ సరిదిద్దబోతే, “గది మెల్లగ చెప్పేటోళ్లకు సారూ” అని నవ్వేశాడు.

దినాల నాడు అదే ఏజెంటు దండ పట్టుకొచ్చాడు. ఇప్పుడు జగిత్యాలలోనూ ఆఫీసుంది. ఆ దండ ఎవరి కోసమో నాకు అప్పుడే అనుమానమొచ్చింది. ఫొటోకు వేసి, చిన్నబాపు అల్లుడి భుజం మీద చెయ్యేశాడు.

“మీ మామ మంచోడు. నీ వీసా నేను జూస్త.”

పని దొరక్క నలిగిపోతున్న అల్లుడు తలూపబోయాడు. విస్తర్లు వేస్తున్న చిన్నబాపు బిడ్డ ఆగింది.

“నోహౌ.”

“దుబాయ్ వద్దంటే ఖతర్ ఉన్నదమ్మా.”

“నోహౌ.”

“నిన్ను గాదు, నీ మొగణ్ని అడుగుతున్న!”

అల్లుడు ఆ చెయ్యి తీసేశాడు. “ఇన్నవు గద.”

ఆమె ఫొటోకున్న దండ తీసి ఏజెంటు చేతిలో పెట్టింది. చెప్పులు వేసుకునేదాకా ఆ దండ ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు.

అందుకే మిమ్మల్నీ, ఆ ఏజెంట్లనూ అడుగుతున్నాను:

ఇంటర్వ్యూ మాకు తెలిసిన భాషలో జరగాలి.
చెప్పిన పనే ఇవ్వాలి.
కాదన్నవాడి పాస్‌పోర్టు వెంటనే తిరిగివ్వాలి.
చావింటికి వీసా మాటతో రావద్దు.
ఇంకోసారి ఎవరైనా నోహౌ అంటే, నవ్వొద్దు.