అన్న చెప్పిన చుట్టుకొలతలు

దయ్యం అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఎత్తితే బాపు ఊరుకునేవాడు కాదు. "ప్రార్థన చేసుకునే ఇంట్ల గా మాటలేంది?" అని గద్దించేవాడు. నేను కూడా అట్లాగే పెరిగాను. సమాధుల పక్కనుంచి ఒక్కదాన్నే మేకలు తోలుకొచ్చిన దాన్ని. డెబ్బైకి దగ్గరపడ్డాను, ఇప్పటికీ వాటిని నమ్మను. కానీ ఒక్క సంగతి మాత్రం ఎంత ఆలోచించినా తెగదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. కల్పించి రాసేంత చదువు నాకు లేదు.

మాది మొయినాబాద్ దగ్గర హిమాయత్‌నగర్. బాపు, అవ్వ కూలికి పోయేవాళ్లు. నాకు ఒక్కడే అన్న, సామేలు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నేను మూడో తరగతితో బడి మానేశాను. అన్న మాత్రం చదువుతూనే పోయాడు. అడవుల పని నేర్పే సర్కారు కాలేజీలో సీటు వచ్చింది. అది ఎక్కడో దూరంగా, నిజంగానే అడవి పక్కన ఉండేది. అవ్వ దాన్ని 'అడవి చదువు' అనేది. అది పూర్తయితే ఖాకీ బట్టల నౌకరి వస్తుంది. మా వాడలో నెల జీతం తెచ్చే మొదటి మనిషి మా అన్నే అవుతాడని అందరూ అనుకునేవాళ్లు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచింది. కాలేజీలు మూతపడ్డాయి. పట్నంలో కాల్పులు జరిగాయని కబురు వచ్చిన రెండో రోజు, మధ్యాహ్నం పూట అన్న ఇంటికి చేరాడు. బస్సులు లేవు. మెహదీపట్నం నుంచి నెత్తి మీద రేకుపెట్టె పెట్టుకుని నడిచి వచ్చాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. అవ్వ కాళ్లకు పసుపు పెడుతూ ఏడ్చింది. "ఏడువకే అవ్వా, మన రాజ్యం మనకొస్తే నౌకర్లు ఇంటి ముందటికొస్తయట" అని అన్న నవ్వాడు.

కాలేజీ తెరిచేదాకా ఊరికే కూర్చోకూడదని వాళ్ల సారు పిల్లలకు ఒక పని అప్పజెప్పాడట. ఎవరి ఊళ్లో వాళ్లు నలభై చెట్లు ఎంచుకోవాలి. వాటి మొద్దు చుట్టుకొలత తీయాలి. ఏడాది తిరిగాక అవే చెట్లను అదే ఎత్తులో మళ్లీ కొలిచి, ఎంత పెరిగాయో రాసి తేవాలి. ఆ రికార్డు తెచ్చినవాళ్లకే రెండో ఏడులో చోటు.

చెట్టును ఎక్కడ పడితే అక్కడ కొలవరు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే మనిషి రొమ్ము దగ్గర టేపు చుడతారు. దానికి ఒక కర్ర కోసి పెట్టుకోవాలి. అన్న ఆ కర్ర కోయబోతూ నన్ను చూశాడు. గోడకు నిలబెట్టి, జుట్టు అరచేత్తో అణచి, నెత్తి దగ్గర కత్తితో గాటు పెట్టాడు. కొలిచి చూస్తే సరిగ్గా నాలుగున్నర అడుగులు.

"ఇగ కర్రెందుకు మోసుడు? నడిచే కొలకట్టె ఉన్నది మనింట్ల" అన్నాడు.

ఆ రోజు నుంచి నా పేరే కొలకట్టె అయింది.

రోజూ పొద్దున మేకలు తోలుకుంటూ ఇద్దరం పోయేవాళ్లం. ఊరి బాట వెంబడి, పొలం గట్ల మీద నలభై చెట్లు ఎంచుకున్నాడు. చింతలు, వేపలు, కానుగలు, నేరేళ్లు. నేను చెట్టుకు వీపు ఆనించి నిలబడేదాన్ని. "ఎగరకు, వంగకు" అని అరచేత్తో నెత్తి అణిచేవాడు. నా తల మీదుగా గుడ్డ టేపు చుట్టేవాడు. పలక, కాగితం ఏమీ తెచ్చేవాడు కాదు. అంకె చెప్పేవాడు, నేను పట్టుకునేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చాక నేను వరసగా అప్పజెబితే నోటుబుక్కులో రాసుకునేవాడు. ఒక్క అంకె కూడా తప్పేదాన్ని కాదు. పదకొండో నంబరు వేప, రెండడుగుల పది అంగుళాలు. ఇరవై ఆరు చింత, మూడడుగుల ఒక అంగుళం. ముప్పై మూడు నేరేడు, రెండడుగుల రెండు అంగుళాలు. ఇవి ఇప్పటికీ నా నోట్లో ఉన్నాయి.

ఏడాది తిరిగింది. మళ్లీ కొలతకు బయలుదేరాం. చెట్ల మీద పెట్టిన సున్నం గీతలు వానలకు పోయాయి. అన్న మళ్లీ నన్నే నిలబెట్టాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. నేను ఆ ఏడాదిలో పెరిగాను. అవ్వ నా లంగా అంచు రెండుసార్లు విప్పి దించింది. నాకు తెలుసు. చెబితే అన్న కర్ర కోసుకుంటాడు, నన్ను వెంట తీసుకుపోడు అని నోరు మూసుకున్నాను. మొద్దు పైకి పోయిన కొద్దీ సన్నమవుతుంది కదా. నా నెత్తి మూడు అంగుళాలు పైకి పోయింది, టేపు కూడా పోయింది. కొన్ని చెట్లు అసలు పెరగనట్టు వచ్చాయి. కొన్ని అంగుళం తగ్గినట్టు వచ్చాయి. వానలు చాలక ఎండిపోయి తగ్గాయేమో అనుకుని అన్న ఉన్నదున్నట్టు రాసుకుపోయాడు.

కాలేజీ తెరిచారు. అన్న పోయిన నాలుగో రోజే వెనక్కి వచ్చాడు. సారు రికార్డు తిరగేసి, "మీ ఊర్ల చెట్లు భూమిలకు పెరుగుతయారా?" అని పదిమందిలో అడిగాడట. ఇంట్లో కూర్చుని రాసుకొచ్చిన దొంగ లెక్క అన్నాడట. చోటు ఇంకొకరికి పోయింది.

ఇంట్లోకి వస్తూనే అన్న నన్ను గోడకు నిలబెట్టాడు. కత్తి గాటు నా కనుబొమ్మల దగ్గరికి వచ్చింది. నేను ఏడుపు అందుకున్నాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"నువ్వు పెరిగినవ్, చెట్లు తగ్గినయ్. గంతే పోయె" అన్నాడు.

మళ్లీ కొలిచి పట్టుకుపోతానని కొన్నాళ్లు అన్నాడు. తర్వాత ఆ మాట కూడా మానేశాడు. బాపుతో కూలికి పోయాడు. మరుసటి వానకాలం కామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, దవాఖానకు కూడా తీసుకుపోయారు. అక్కడ ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

పోయే రోజు మిట్టమధ్యాహ్నం. అవ్వ, బాపు, మా పాస్టరయ్య ఉన్నారు. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. రెండు రోజుల నుంచి మాట లేని మనిషి కళ్లు తెరవకుండానే మొదలుపెట్టాడు.

"ఒకటి, చింత, లేదు. రెండు, వేప, లేదు. మూడు, వేప, లేదు."

గొంతు నీరసంగా ఉంది కానీ తడబాటు లేదు. కొలత రోజుల్లో చెప్పినట్టే, నేను పట్టుకోవడానికి ఆగి ఆగి చెప్పాడు. నాకు తెలియకుండానే నేను పెదవులతో పలుకుతున్నాను. పది దాకా అన్నీ లేవు. పదకొండు దగ్గర మారింది. "పదకొండు, వేప, ఏడడుగుల నాలుగు అంగుళాలు." మళ్లీ లేదు, లేదు. "ఇరవై ఆరు, చింత, ఎనిమిదడుగుల తొమ్మిది అంగుళాలు." మళ్లీ లేదు. "ముప్పై మూడు, నేరేడు, ఆరడుగుల ఒకటిన్నర." అక్కడినుంచి నలభై దాకా లేదు.

"పైత్యం తలకెక్కింది బిడ్డకు" అన్నారు పాస్టరయ్య. నిజమే అనిపించింది. రెండు, మూడు అడుగుల చెట్లకు ఆరు, ఏడు, ఎనిమిది అడుగులు చెబుతున్నాడు. కళ్ల ముందు నిలబడి ఉన్న చెట్లను లేవంటున్నాడు.

అన్న అక్కడితో ఆపలేదు. కాసిన్ని నీళ్లు మింగి మళ్లీ మొదలుపెట్టాడు. అది చివర చెబుతాను. పొద్దు వాలకముందే పోయాడు. నోటుబుక్కు, టేపు అవ్వ ఆయన శవపెట్టెలోనే పెట్టింది. రెండూ ఆయనతోనే మట్టిలోకి పోయాయి.

నాకు ఆలూరు సంబంధం కుదిరింది. పిల్లలు పుట్టారు, ముసలిదాన్నయ్యాను. అన్న చెప్పిన అంకెలు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది, జ్వరం మాటలు. కానీ అప్పజెప్పిన పాఠంలా లోపల ఉండిపోయాయి.

మా బిడ్డ కూతురు కెజియా. అన్న చదివిన చదువే ఇప్పుడు అది చదువుతోంది. మేమెవరం చెప్పలేదు, దానంతట అదే ఎంచుకుంది. సీటొచ్చిందని ఫోన్ చేసిన రోజు నేను సంతోషపడలేకపోయాను. ఇప్పుడు హాస్టల్ ఉంది, ఫోన్‌లో చెట్ల పటాలు వస్తాయి, చెట్టు ఎత్తు కిందినుంచే చూసి చెప్పే మిషన్ ఉంది. నౌకరి సంగతి అడిగితే మాత్రం నవ్వుతుంది. "పోస్టులు పడితే గద అమ్మమ్మా. మా క్లాస్‌ల సగం మంది బ్యాంకు పరీక్షలకు చదువుతున్నరు" అంటుంది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో దానికి పాత చెట్లను కొలిచే పని ఇచ్చారు. "మీ ఊర్ల పాత చెట్లు చూపియ్యి" అని నా వెంట పడింది. నేను హిమాయత్‌నగర్ తీసుకుపోయాను. మొయినాబాద్ దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. పొద్దున పది గంటలు.

మా బాట ఇప్పుడు సిమెంటు రోడ్డు. పొలాలన్నీ ఫామ్‌హౌసులు, ప్లాట్లు. నేను నంబర్ల వరసన నడిచాను. ఒకటో నంబరు చింత ఉన్న చోట గేటు ఉంది. రెండు, మూడు వేపల చోట కాలేజీ బస్సులు నిలిపే జాగా. నాలుగు లేదు, ఐదు లేదు. నడుస్తుంటే నా నోరు దానంతట అది లేదు, లేదు అంటోంది. పది కూడా లేదు. పదకొండో నంబరు వేప ఒక ఫామ్‌హౌసు గోడ లోపల నిలబడి ఉంది.

వాచ్‌మన్ మంచివాడు, లోపలికి రానిచ్చాడు. కెజియా బ్యాగు వెతుక్కుని నాలుక కరుచుకుంది. "అయ్యో, కొలత కర్ర మర్చిపోయిన" అంది. ఇప్పటికీ అదే ఎత్తట, నాలుగున్నర అడుగులు. నన్ను ఎగాదిగా చూసింది. నాలుగేళ్ల కింద మెట్ల మీద పడ్డప్పుడు నా వెన్నెముక నొక్కుకుపోయింది. అసలే పొట్టిదాన్ని, అప్పటినుంచి ఏటేటా ఇంకా కుంగుతున్నాను.

"అమ్మమ్మా, జర నిలబడు" అని టేపు నా పక్కన జారవిడిచింది. తర్వాత పకపకా నవ్వింది. "సరిగ్గ నాలుగున్నర! కర్ర దొరికింది."

నేను చెట్టుకు వీపు ఆనించాను. అది నా జుట్టు అరచేత్తో అణిచింది. అన్న అట్లా చేసేవాడని దానికి ఎవరూ చెప్పలేదు. టేపు నా తల మీదుగా పోయింది.

"అంగుళాల్ల చెప్పు బిడ్డా" అన్నాను.

"ఎనభై ఎనిమిది."

లెక్క వేసుకున్నాను. ఏడడుగుల నాలుగు అంగుళాలు.

దానికి అప్పుడే ఏమీ చెప్పలేదు. ఇరవై ఆరో నంబరు చింత దాకా పోయి, చెట్టును ముట్టకముందే, "నీ ఫోన్‌ల రాస్కో, ఎనిమిదడుగుల తొమ్మిది. నేరేడుకు ఆరడుగుల ఒకటిన్నర" అన్నాను. విచిత్రంగా చూసి రాసుకుంది. చింత నూట ఐదు అంగుళాలు వచ్చింది. నేరేడు డెబ్బై మూడున్నర. మిగిలిన ముప్పై ఏడు చెట్లలో ఒక్కటీ లేదు.

"ముందే వచ్చి కొలిచినవా అమ్మమ్మా?" అంది. రాలేదని ప్రమాణం చేశాను. అప్పుడు చెప్పాను, అన్న చెప్పిన మొదటి వరస అంతా. అది ఫోన్‌లో రాసుకున్న అంకెలు మళ్లీ చూసుకుంది. తర్వాత, జ్ఞాపకం మనకు తెలియకుండా మారుతుంది, చెట్టును చూసి అంచనా వేసి ఉంటావు అంది. కావచ్చు. కానీ నేరేడు అంకె చెప్పినప్పుడు అది ఇంకా నా కంటపడనే లేదు. అర అంగుళం కూడా తేడా రాకుండా అంచనా వేయగలిగితే అన్న రికార్డు అట్లా పోయేదే కాదు. పైగా నేను మళ్లీ ఆ ఎత్తుకు దిగిన ఏడాదే ఈ కొలతలు సరిపోయాయి. ముందు గానీ వెనక గానీ అయితే సరిపోవు.

నేరేడు మొద్దుకు ఎర్ర రంగుతో ఏదో అంకె వేసి ఉంది. "రోడ్డు వెడల్పుకు తీస్తరు" అంది కెజియా. వేప ఉన్న చోట స్విమ్మింగ్ పూల్ తవ్వుతారని వాచ్‌మన్ చెప్పాడు. చింత ప్లాటు మధ్యలో ఉంది, నాలుగు మూలలా రాళ్లు పాతారు.

ఇక అన్న రెండోసారి చెప్పింది. కెజియాకు నేను చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

నీళ్లు మింగి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి పదకొండు లేదు. ఇరవై ఆరు లేదు. ముప్పై మూడు లేదు. నలభై దాకా అన్నీ లేదు, లేదు అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, "కొలకట్టె గూడ లేదు" అన్నాడు. అదే ఆఖరి మాట.

అవ్వ గబుక్కున నన్ను లాగి ఒళ్లో దాచుకుంది. అన్న నన్ను కూడా తీసుకుపోతాడని ఆ ఏడాదంతా గడప దాటనివ్వలేదు. నాకేమీ కాలేదు. అందరూ మర్చిపోయారు, నేనూ మర్చిపోయాననే అనుకున్నాను.

పోయిన నెల కెజియా ఫోన్ చేసింది. నేరేడు కొట్టేశారట. నేను లోపల ఒక అంకె తీసేసుకున్నాను. ఇంకా రెండు ఉన్నాయి.