ఇన్‌స్పెక్టరుకి వాన చూపించాను

ఒక ఆడపిల్ల భవిష్యత్తును నీళ్లపాలు చెయ్యాలంటే వరదే రానక్కర్లేదు. నాలాంటి బుద్ధిమంతుడొకడు మిద్దె ఎక్కితే చాలు. కొన్నేళ్ల కిందట ఢిల్లీ జనక్‌పురిలో ఆ పని నేను దాదాపు పూర్తిచేశాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది, మీరెంత!

నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ణి. ఢిల్లీ వచ్చి ప్రెస్సులో అక్షరాలు పేర్చే పనిలో చేరాను. పేర్చిన పుస్తకమల్లా చదివి పండితుణ్ణయ్యాను. వైద్యం పేర్చాను గనక వైద్యం తెలుసు. వంతెనల గురించి పేర్చాను గనక, ఏ వంతెన కనబడినా తప్పు పట్టగలను. వాననీటి గుంతల మీద కూడా ఒక పుస్తకం పేర్చాను. అంచేత, మిద్దె మీది వాననీటిని భూమిలోకి ఇంకించే ఇళ్లకు నీటి బిల్లులో రాయితీ అని ప్రకటన రాగానే, మా బిల్డింగు అధ్యక్షుడి హోదాలో పెరట్లో గుంత తవ్వించి, మిద్దె నుంచి దాంట్లోకి గొట్టం దింపించాను. నీటి శాఖ ఇన్‌స్పెక్టరు చూసి సరే అంటే చాలు.

"ఆయన వచ్చేలోగా గొట్టంలో ఓ బకెట్ నీళ్లు పోసి చూడరాదూ?" అంది మా ఆవిడ.

"పుస్తకం పేర్చింది నువ్వా, నేనా?"

ఆవిడ మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆవిడ మాట్లాడకుండా ఊరుకున్న ప్రతిసారీ నేను నష్టపోయాను. అయినా బుద్ధి రాదే!

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజే మా పైగదిలో అద్దెకున్న మౌనికకు సివిల్స్ ఇంటర్వ్యూ. కరీంనగర్ పిల్ల. రెండుసార్లు రాత పరీక్షలోనే పోయి, మూడోసారి ఇంటర్వ్యూ దాకా వచ్చింది. వయసు పరిమితి ప్రకారం అదే ఆఖరి అవకాశం. మధ్యాహ్నానికల్లా అక్కడుండాలి. మా ఆవిడ ఆ పిల్లకు నూనె పట్టించి, కుంకుడుకాయలు కొట్టి పులుసు తీసి, "ఇంత పెద్ద పనికి తలంటుకోకుండా వెళ్తావా?" అంటూ బాత్‌రూములోకి తోసింది.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్థుడు. గుంతలోకి తొంగి చూశాడు, గొట్టాన్ని తట్టి చూశాడు.

"ఠీక్ హై అంకుల్‌జీ. ఇప్పటికి పాస్ చేస్తా, వానలొచ్చాక మళ్లీ వచ్చి చూస్తా."

ఇక్కడే, చదువరీ, పెదవి బిగించి ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ నాకు ఒళ్లు మండింది. నీళ్లు పారించి చూడకుండానే పాసా? ఈ దేశంలో ఏ పనీ నిలవనిది ఇందుకే కదా!

"అలా కాదు బాబూ. వాన ఎందుకు, నేనే చూపిస్తాను. పైకి రండి."

"రహనే దీజియే అంకుల్‌జీ, వద్దులెండి, నమ్ముతున్నాను."

"మీరు నమ్మితే చాలదు. చూడాలి!"

పైన బిల్డింగు వాళ్లందరి నల్లటి టాంకులూ బారులు తీరి ఉన్నాయి. పొద్దున వచ్చిన నీళ్లతో నిండుగర్భిణుల్లా ఉన్నాయి. మళ్లీ నీళ్లు సాయంత్రమే. నేనొక్కొక్క టాంకు దగ్గరకీ వెళ్లి, అడుగున ఉండే బిరడా పీకాను. అన్నీ పీకాను. వాననేది ఒక్క ఇంటి మీదే పడదు కదా!

నీళ్లు గొట్టం వైపు పరుగెత్తాయి. అక్కడ ఆగాయి. తిరిగొచ్చాయి. ఆ గొట్టంలో పావురాలు ఎప్పటినుంచో పిల్లా జెల్లాతో కాపురముంటున్నాయని ఏ పుస్తకంలోనూ పేర్చలేదు మరి! నీళ్లు ఇన్‌స్పెక్టరు బూట్లు ముంచి, గడప దాటి, మెట్ల దారి పట్టాయి. భగీరథుడికి గంగను దింపడానికి తపస్సు కావలసి వచ్చింది. నాకు అదీ అక్కర్లేకపోయింది.

కింది వాటాలో ఉండే పంజాబీ ఆంటీ కేక: "అరే అంకుల్‌జీ! మెట్ల మీద నది పారుతోంది!"

దాన్ని మించి పైగది నుంచి ఇంకో కేక: "ఆంటీ! నీళ్లు బంద్ అయినయ్! కండ్లు మండుతున్నయ్!"

బిరడాలు పెట్టబోయాను. పెట్టడానికి బిరడాలున్నాయి, ఆపడానికి నీళ్లే లేవు. అడుసు తొక్కినవాడికి కాలు కడుక్కోవాలన్న బెంగ ఒకటే. నేను ఇరుగుపొరుగు కాళ్లన్నీ కడిగి, ఒక పిల్ల తలకు మాత్రం చుక్క మిగల్చలేదు.

"అంకుల్, నా ఇంటర్వ్యూ!" తలుపు వెనక పిల్ల ఏడుస్తోంది. కుంకుడు మంటకో, నా మీద మంటకో అడిగే ధైర్యం నాకు లేదు.

"ఏవండీ, ఇప్పుడు పేర్చండి," అంది మా ఆవిడ.

ఆదుకున్నది పంజాబీ ఆంటీయే. ముందురోజే కూలర్‌కు కొత్త వట్టివేళ్ల గడ్డి పెట్టి, నిండా నీళ్లు పోసిందట. "తీసుకోండి, బేటీ పరీక్ష ముఖ్యం!" అంది. ఇన్‌స్పెక్టరు తడిసిన బూట్లు విప్పేసి, ప్యాంటు మడిచి, బకెట్ అందుకున్నాడు. ఆంటీ ముంచుతుంటే, ఆయన మోస్తుంటే, నేను జారుతుంటే, మా ఆవిడ తలుపు సందులోంచి చెంబులతో అందించింది. పిల్ల వట్టివేళ్ల వాసనతో, జడలో ఓ గడ్డిపోచతో, ఎర్రటి కళ్లతో ఆటో ఎక్కింది. వేళకు చేరుతుందో లేదో ఎవరికీ తెలియదు.

"రాయితీ?" అన్నాను నెమ్మదిగా.

"అంకుల్‌జీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు సాక్సు పిండుకుంటూ, "అది నీళ్లు దాచినవాళ్లకి."

ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రం పిల్ల వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడ్డాను.

"చేరావా తల్లీ?"

"గేటు బంద్ చేస్తుంటే ఉరికిన అంకుల్."

"ఏమడిగారు?"

"నీళ్లు ఆదా చేసేటోళ్లకు రాయితీలిస్తే పని అయితదా అని అడిగిండ్రు."

"నువ్వేమన్నావు?"

"అయితది సార్, కాని ఆదా చేసే పెద్దమనిషిని మిద్దె మీదికి ఒక్కన్ని పోనియ్యొద్దు అన్న. ఎందుకు అంటే మొత్తం చెప్పిన."

"వాళ్లు కోప్పడ్డారా?"

"అందరూ నవ్విండ్రు. పెద్దసారు కండ్లద్దాలు తీసి తుడుసుకుని, మా బిల్డింగుల గూడ ఒకాయన ఉన్నడమ్మా అన్నడు."

ఆ ఏడు ఫలితాల్లో మౌనిక పేరుంది. ఆ ఘనతలో నా వాటా ఎంతో మా ఆవిడను అడిగాను. చెప్పింది గాని, అది అచ్చువేయదగ్గది కాదు.

కనుక సూర్యచంద్రుల సాక్షిగా, నా పాత ప్రెస్సు మీద ఒట్టుగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: బతికున్నంత కాలం నీళ్లు పొదుపు చేస్తాను. ఎలా చేస్తున్నానో మాత్రం ఎవరికీ చూపించను.