తప్పిపోయినవారి జాబితాలో అవ్వ

1993 వేసవిలో నేను హైదరాబాదులోని ఒక టీవీ కేంద్రంలో స్క్రిప్ట్ అసిస్టెంట్‌ని. హోదాల నిచ్చెనలో నా కింద మెట్టు లేదు, నేలే. ఏడేళ్ల కిందట ఆగిపోయిన ఒక పల్లె ధారావాహికను ఆ ఏడాది మళ్లీ మొదలుపెట్టారు. దాని మాటలు దిద్దడం, దానికొచ్చే ఉత్తరాలను వేరుచేయడం నా పని. రెండింటినీ సమానంగా చెడగొట్టాను.

అప్పట్లో స్క్రిప్టు పేజీని నిలువునా రెండు భాగాలుగా టైపు చేసేవారు. ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు వినిపించేది. నా ఎర్రసిరాకు కుడివైపే అధికారం ఉండేది. ఆ ధారావాహికకు ప్రాణం ఒక అవ్వ పాత్ర. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా వాళ్ల అరుగు మీద కూర్చుని, "ఫికర్ జెయ్యకు బిడ్డా, నేనున్న గద" అనేది. నేను దాన్ని "దిగులుపడకమ్మా, నేనున్నాను కదా" అని దిద్దాను, ఆమె 'జర' అన్నచోటల్లా 'కాస్త' అని రాశాను. నిజానికి మాది భువనగిరి పక్క పల్లె. మా బాపు జన్మలో ఎన్నడూ దిగులుపడలేదు, ఫికరే చేశాడు. కానీ ఉద్యోగంలో చేరిన వారానికే నా యాసకు ఆఫీసులో ఎవరో నవ్వారు. అప్పటినుంచి నా మాటలను రోజూ ఇస్త్రీ చేసుకునేవాణ్ని, చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది కదా అని అవ్వ మాటలకూ చేశాను.

మొత్తం పదమూడు భాగాలు. ఆరో భాగం తర్వాత పైఅధికారుల సమీక్ష ఉంటుంది. జనానికి నచ్చలేదని తేలితే మిగతావి రద్దు. అవ్వ వేషం వేసే పెద్దావిడకు అప్పుడు చేతిలో ఉన్న పని అదొక్కటే.

ఉత్తరాలకు వరస నంబరు వేసి మెచ్చుకోలు, ఫిర్యాదులు, ఇతరాలు అని మూడు ఫైళ్లలో పెట్టాలి. మూడో భాగం ప్రసారమయ్యాక రామన్నపేట నుంచి ఒక కట్ట కార్డులు వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే ముక్క: "మా అవ్వను మాకు వాపస్ ఇయ్యుండ్రి." పాపం, ఎవరిదో ముసలమ్మ తప్పిపోయిందనుకున్నాను. టీవీలో తప్పిపోయినవారి ప్రకటనలు వచ్చే రోజులవి. కట్టను భద్రంగా ఆ విభాగానికి పంపాను. అవ్వ ఎత్తు ఎంత, రంగు ఏమిటి, ఇల్లు విడిచినప్పుడు ఏ చీర కట్టుకుంది అని అడుగుతూ వాళ్లు దాన్ని తిప్పి పంపారు. అది పొరపాటున మా ప్రొడ్యూసర్ మేడం బల్ల మీదికి వెళ్లింది. ఆవిడ ఒక్క కార్డు చదివి నన్ను పిలిచింది. వాళ్లడిగేది మన ధారావాహికలోని అవ్వనేనని చెప్పి, పోయిన అవ్వను వెతికి పట్టుకొచ్చే పని కూడా నాకే అప్పగించి, ప్రేక్షకుల అభిప్రాయాల ఫారంతో రామన్నపేటకు పంపింది.

రామన్నపేటలో కార్డులు రాయించింది ఖాజా మియా అనే టైలర్. ఏడేళ్ల కిందటి మొదటి విడతలో ఆ వాడంతటికీ ఆయన దుకాణంలోని టీవీయే గతి. నేను ఫారం తీసి, అచ్చమైన ఆఫీసు తెలుగులో, నటి మారలేదు కదా, మీ అభ్యంతరం ఏమిటని అడిగాను.

"మనిషి గామెనే సార్, మాట గామెది గాదు. గిప్పుడు మాట్లాడేది అవ్వ గాదు, టీచరమ్మ" అన్నాడు ఖాజా మియా.

ఆ మాటలు దిద్దినవాడెవడో దొరికితే బాగుండునని దుకాణంలో కూర్చున్నవాళ్లన్నారు. నేను ఫారంలో 'కొందరు ప్రేక్షకుల అభిప్రాయం' అని రాసుకుంటూ, తల ఎత్తకుండానే బల్ల మీద చెయ్యి ఆనించాను. అక్కడ బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది.

"అవ్వో! చెయ్యి గాలింది, జర నీళ్లియ్యుండ్రి!" అని అరిచాను.

ఖాజా మియా చెంబుతో నా చేతిమీద నీళ్లు పోస్తూ మెల్లగా అడిగాడు. "సార్, మీకు 'జర' వస్తదా? మరి అవ్వకెందుకు రానిస్తలేరు?"

నాకు సిగ్గేసింది. నొప్పికంటే ఎక్కువ సిగ్గేసింది. ఆ దిద్దినవాణ్ని నేనేనని, వాళ్ల కార్డులను తప్పిపోయినవారి విభాగానికి పంపింది కూడా నేనేనని చెప్పేశాను. కొడతారనుకున్నాను గానీ, వాళ్లు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నా సంచిలో ఉన్న ఐదు, ఆరు భాగాల స్క్రిప్టులు చదివించారు. ఒక్కొక్క మాట దగ్గర ఆపి, అవ్వ ఇక్కడ ఏమంటుందో తలా ఒకటి చెప్పారు, పోట్లాడుకున్నారు, ఒప్పుకున్నారు. నేను రాసుకున్నాను. ఆ రోజు ఎర్రసిరా నా చేతిలో ఉంది, అధికారం వాళ్ల దగ్గర ఉంది.

ఐదు, ఆరు భాగాల చిత్రీకరణ అప్పటికే అయిపోయింది. అందుకని పెద్దావిడ చేత మాటలు మాత్రం మళ్లీ చెప్పించారు. పాత మాట నోటికి అందగానే ఆవిడ కాగితం పక్కన పెట్టేసింది. సమీక్షలో మేడం రామన్నపేట కార్డులనే ముందు పెట్టింది. ఇంత కోపం వచ్చిందంటే ఇంత శ్రద్ధగా చూస్తున్నారనే కదా అని వాదించింది. పదమూడు భాగాలూ వచ్చాయి.

ఆ తర్వాత ఖాజా మియా దగ్గర్నుంచి నా పేరిట కార్డు వచ్చింది. "మా అవ్వ దొరికింది. లిస్టుల పేరు కొట్టెయ్యుండ్రి. గా జాగల మీ పేరు రాసుకోండ్రి."

మూడు ఫైళ్లలో దాన్ని ఎందులో పెట్టాలో తెలియక నా దగ్గరే ఉంచుకున్నాను. ఒక మాటను దిద్దే ముందు అది ఎవరి నోటిదో కనుక్కోవాలని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. రిటైరయ్యేదాకా ఎవరి స్క్రిప్టులోనూ 'జర'ను కొట్టెయ్యలేదు. ఆఫీసులో మాట్లాడేటప్పుడు మాత్రం, చెయ్యి కాలితే తప్ప, నా నోట అది రాలేదు.