గవ్వలు కుట్టే అప్పలకొండ

అప్పలకొండ పుట్టింది భీమిలి దగ్గరి పల్లెలో. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళు ఎత్తి, అడుగున అంటుకుని ఉన్న గవ్వలను ఏరేది. ఎత్తిన రాయిని మళ్ళీ అలాగే బోర్లించకపోతే తండ్రి వీపు విమానం మోత మోగించేవాడు. దాని కింద గవ్వల గుడ్లుంటాయి మరి. గనిలో పనిచేసేవాణ్ణి పెళ్ళాడి, కొండల అవతల హిందీ మాట్లాడే బచేలి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. సముద్రం మొహమే చూడని ఈ అడవి ఊళ్ళలో, పెళ్ళి ఆటపాటలకు మగవాళ్ళు పెట్టుకునే కొమ్ముల తలపాగాలకు గవ్వల పేటలు వేలాడుతుంటే చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తెగిన పేటలు కుట్టడం అప్పట్నుంచీ ఆమె పనే.

మొన్న చైత్రంలో పక్క గూడెం కుర్రాడు సోమారు తన తాత తలపాగా తెచ్చాడు. ఏదో ప్రదర్శనకని ఊళ్ళోని సర్కారు దఫ్తరువాళ్ళు పట్టుకెళ్ళి, నెల తరవాత తిరిగిచ్చారట. ఆదివారం చెల్లెలి పెళ్ళి. అది పెట్టుకుని ఆటలో అందరికంటే ముందు నిలబడాల్సినవాడు అతనే.

"ఒక పేట తెగింది దీదీ, కుట్టియ్యి."

పేట చేతికి తేలిగ్గా తగిలింది. గవ్వలన్నీ ఒకే అచ్చు. ఒకదాన్ని కొరికితే పంటిగాటు పడింది.

"ఇయ్యి పలాస్టిక్‌వి నాయనా. మీ తాతవి మార్చీసినారు."

సోమారు మొహం నల్లబడింది. "నాదే గల్తీ దీదీ. చూసుకోలే."

అప్పలకొండకు ఒళ్ళు మండింది. కాజేసినవాడు ఫ్యాను కింద చల్లగా కూర్చుంటే, పోగొట్టుకున్నవాడు తప్పు నాదనడమేమిటి? ఏం మనుషులండీ వీళ్ళు! తలపాగా అతని చేతికిచ్చి, సూదీ దారం సంచిలో వేసుకుని, అతణ్ణి లాక్కుంటూ దఫ్తరుకు వెళ్ళింది.

సాహెబ్ కుర్చీ వెనక గోడకు, కొత్త అద్దాల చట్రంలో అసలు గవ్వలున్నాయి. దారం ఒరిసి ఒరిసి అంచులు నున్నబడ్డ ఆ పేటల్ని సోమారు చూడగానే గుర్తుపట్టాడు.

"పాతవి ఇక్కడ భద్రంగా ఉంటాయమ్మా. అతనికి కొత్తవి పెట్టించాం కదా, ఆటకు ఏవైతేనేం?" అన్నాడు సాహెబ్. "కావాలంటే అర్జీ పెట్టుకోండి."

"అట్టుకొచ్చినప్పుడు నువ్వెట్టినావా బాబూ అర్జీ?"

చట్రం తనే దించి, నేల మీద చతికిలబడి విప్పడం మొదలుపెట్టింది. పోలీసుల్ని పిలుస్తానన్నాడు సాహెబ్. "పిలువు. ఇయ్యి ఎవరివో ఆల్లకే సెప్దాం," అంది తలెత్తకుండా. అతను ఫోను తీసి, కాసేపు చూసి, బల్ల మీద పెట్టేశాడు.

ఆ గవ్వల్ని తలపాగాకు గంటన్నర కుట్టింది. సోమారు తలపాగా పెట్టుకున్నాడు. ఆ గడప ఎక్కేటప్పుడు రెండు చేతులూ జోడించినవాడు, దిగేటప్పుడు జోడించలేదు.