పరుపుల మావయ్య విన్న ఉపన్యాసాలు

పరుపుల మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఎవరైనా మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారంటే చాలు, ఆయన నిద్రపోతాడు. "సభకు నమస్కారం" అన్న మాటకు కళ్లు బరువెక్కుతాయి. "నాకీ అవకాశం ఇచ్చిన" దగ్గర తల వాలుతుంది. "పెద్దలందరికీ" అనేసరికి మనిషి ఈ లోకంలో ఉండడు. అంతవరకే అయితే చెప్పుకోవాల్సిన పనే లేదు, సభల్లో నిద్రపోయేవాళ్లు కోకొల్లలు. మావయ్య సంగతి వేరు. ఆయనకు నిద్రలో కూడా ఉపన్యాసం వినిపిస్తూనే ఉంటుంది, కాకపోతే వేరేగా వినిపిస్తుంది. చప్పట్లకు లేచి, తిన్నగా వేదిక దగ్గరికి వెళ్లి, మాట్లాడిన మనిషి రెండు చేతులూ పట్టుకుని, ఆ మనిషి అననే అనని మాటకు తడికళ్లతో మెచ్చుకుంటాడు.

ఆయనది పరుపులు కుట్టే కొట్టు. పొడవాటి గది, వెనక గోడకు ఎత్తుగా ఒక్క కిటికీ. మధ్యాహ్నం పూట అందులోంచి ఎండ ఏటవాలుగా దిగేది. గాల్లో తేలే దూదిపింజలన్నీ ఎటు పోవాలో తోచక ఆ ఎండలోనే ఆగిపోయినట్టుండేవి. దూదేకే విల్లు డుంయ్ డుంయ్ మంటుంటే, చిన్నప్పుడు మేనకోడలు బడి నుంచి తిన్నగా అక్కడికే వచ్చి, కుట్టీకుట్టని పరుపుల గుట్టలో కూరుకుపోయేది. మేలుకుని ఉందో నిద్రపోయిందో తనకే తెలియకుండా సాయంత్రమైపోయేది. మావయ్య ఒంటి మీద దూది అంటని చోటుండేది కాదు. కనుబొమల మీద, చెవుల మీద, ముఖ్యంగా మీసం మీద. అన్నం తిన్నాక ఆయన కాసేపు నడుం వాలిస్తే, మీసం మీది పింజ ఊపిరికి లేచేది, పడేది, మళ్లీ లేచేది. అది రాలిపోయేలోగా ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టడం మేనకోడలి ఆట. నూట పన్నెండు దాకా వెళ్లిన రోజు కూడా ఉంది.

ఆయన నిద్రకు మొదట దొరికిపోయింది హెడ్మాస్టరు. బడి వార్షికోత్సవంలో ఆ పెద్దమనిషి క్రమశిక్షణ గురించి ముప్పావుగంట మాట్లాడాడు. చప్పట్లకు లేచిన మావయ్య వెళ్లి చేతులు పట్టుకున్నాడు.

"రెండు వారాలుగా డ్రిల్లు చేసి చేసి పిల్లలు నీరసపడిపోయారు, రేపు సెలవు అన్నారు చూడండీ, అక్కడ నాకు దుఃఖం ఆగలేదండీ."

"సెలవా? నేనన్నానా?"

"మీరు కాకపోతే ఎవరంటారండీ అంత మాట."

వెనక నిలబడ్డ నాలుగొందల మంది పిల్లలు అప్పటికే గేటు దాటేశారు. మర్నాడు హెడ్మాస్టరు ఖాళీ బడిలో తనే గంట కొట్టుకుని, తనే విని, ఇంటికి పోయాడు.

ఆ తర్వాత వంతు బట్టల షాపు యజమానిది. షాపు పెట్టి పాతికేళ్లయిన సందర్భంగా ఆయన తన కష్టాల గురించి తనే చెప్పుకున్నాడు. పొద్దుట్నుంచి నిలబడి బట్టలు చూపించే అమ్మాయిలకు కూర్చోడానికి స్టూళ్లు వేయిస్తానన్నందుకు మావయ్య ఆయన్ని కావలించుకున్నాడు. అంతమంది ముందు కాదనలేక యజమాని ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వుకు పన్నెండు స్టూళ్లయ్యాయి.

ఇంట్లో అత్తయ్య మాత్రం గొణిగేది.

"ఊళ్లో వాళ్లందరికీ అన్నీ వస్తాయి ఈయన కలలో. మన వంటింటి కప్పు కారుతోందని మాత్రం ఒక్కడూ ఉపన్యాసం ఇవ్వడు."

"నన్నేం చేయమంటావే? నిద్ర నా చేతిలో ఉందా?"

ఇలా ఉండగా శాసనసభ ఎన్నికలొచ్చాయి. ఆ నియోజకవర్గంలో ముగ్గురు నిలబడ్డారు. రోడ్ల కాంట్రాక్టరు ఒకాయన. కోర్టులో ఎదుటి పక్షాన్ని మూడు చెరువుల నీళ్లు తాగించే లాయరమ్మ ఒకావిడ. పదవీ విరమణ చేశాక పొద్దుపోక నామినేషన్ వేసిన మన పాత హెడ్మాస్టరు మూడో అభ్యర్థి. సాయంత్రమైతే ఊరంతా మైకులే. కాంట్రాక్టరు ఒక వీధిలో మొదలుపెట్టిన వాక్యాన్ని పక్క వీధిలోంచి లాయరమ్మ పూర్తిచేసేది, దానికి ఎక్కడో దూరాన హెడ్మాస్టరు "నిశ్శబ్దం" అనేవాడు. డాబాల మీద కూర్చున్న జనానికి ముగ్గురివీ కలిసిపోయి, ఒకే మనిషి నిద్రలో మాట్లాడుతున్నట్టు వినిపించేది.

మేనకోడలు అప్పటికి అక్కడి వారపత్రికలో విలేఖరి. షార్ట్‌హ్యాండులో ఆమెను మించినవాళ్లు లేరు. వక్త తుమ్మితే ఆ తుమ్మునూ రాసుకునే రకం. అనని మాట మాత్రం చచ్చినా రాయదు. ముగ్గురి సభలకూ ఆమే వెళ్లేది. ముగ్గురి సభల్లోనూ మావయ్య నిద్రపోయేవాడు.

మొదటి సభ కాంట్రాక్టరుది. యాభై నిమిషాలు మాట్లాడాడు. చప్పట్లకు లేచిన మావయ్య వేదికెక్కి చేతులు పట్టుకున్నాడు.

"ఆసుపత్రికి ర్యాంపు కట్టిస్తానన్నారు చూడండీ, అక్కడ నాకు దుఃఖం ఆగలేదండీ."

ఆసుపత్రి గుట్ట మీద ఉంది. ముప్పై నాలుగు మెట్లు. కట్టినవాడు తనకెప్పుడూ రోగం రాదనుకున్నాడేమో మరి. కాంట్రాక్టరు తన సెక్రటరీ వైపు తిరిగాడు.

"అన్నానటయ్యా?"

"అనే ఉంటారు సార్. మీరు చాలా అన్నారు."

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు, ఈసారి గట్టిగా. మేనకోడలు పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది. ర్యాంపు ఎక్కడా లేదు.

మూడో రోజు లాయరమ్మ సభలో ఆ ర్యాంపుకు రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీలొచ్చాయి. ఐదో రోజు హెడ్మాస్టరు సభలో పైన రేకుల కప్పూ, మధ్యలో అలుపు తీర్చుకోడానికి బెంచీ వచ్చాయి. సంగతి తెలిసి కాంట్రాక్టరు మనుషులు పరుపుల కొట్టుకు వచ్చారు.

"బాబాయ్, రేపు మా సార్ సభ ఉంది. కప్పు మీద ఫ్యాన్లు కూడా ఏమన్నా వస్తాయంటావా?"

"అది వినేదాకా ఎలా తెలుస్తుంది నాయనా."

మర్నాడు ముందు వరుసలో మావయ్యకు మెత్త వేసిన కుర్చీ పెట్టారు. తల వాల్చుకోడానికి వీలుగా వెనక ఎత్తుగా చెక్క ఉన్నది చూసి మరీ తెచ్చారు. పక్కవాళ్లు దగ్గితే ఊరుకోమన్నారు.

చివరికి చిక్కంతా మేనకోడలి మెడకు చుట్టుకుంది. పత్రికలో ర్యాంపు రాలేదని పాఠకులు ఆఫీసుకొచ్చి దెబ్బలాడారు. ఎడిటరు తల పట్టుకున్నాడు.

"ముగ్గురూ ఏం మాట్లాడారో ఊళ్లో ఒక్కడికీ గుర్తులేదు. ర్యాంపు మాత్రం అందరికీ గుర్తుంది. అన్నారా, అనలేదా?"

"అనలేదండీ."

"అయితే ఆ ముక్క నువ్వే చెప్పాలి. లాయరమ్మ కబురు చేసింది. తన నోట్లో ఎవరో మాటలు పెడుతున్నారట. గురువారం టౌన్‌హాల్లో ముగ్గుర్నీ ఒకే వేదిక మీద కూర్చోబెడుతున్నాం. నీ నోటుపుస్తకాలు తీసుకొచ్చి అందరి ముందూ చదువు."

మేనకోడలికి ఆ పూట అన్నం సయించలేదు. చదివితే మావయ్య నలుగురిలో నవ్వులపాలవుతాడు. చదవకపోతే ఇన్నేళ్లు రాసిన రాతకు విలువుండదు. ముందుగా ఆయన చెవిన వేసి, గురువారం సభకు రావద్దని బతిమాలదామని బుధవారం కొట్టుకు వెళ్లింది. తలుపు వేసి ఉంది. బుధవారం ఆయన నిద్ర రోజని, కొత్త పరుపుల మీద పడి సాయంత్రం దాకా లేవడని అత్తయ్య ఎప్పుడూ చెప్పేదే. కిటికీ సందులోంచి చూస్తే లోపల ఎండ ఉంది, దూది ఉంది, మావయ్య లేడు.

వెతుక్కుంటూ వెళితే ఆయన ఆసుపత్రి మెట్ల మీద కనిపించాడు. చెక్క కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టి, వెనక కాళ్లు తను పట్టుకుని, ముందు కాళ్లు ఆ వీధిలోనే ఇస్త్రీ కొట్టు నడిపే అక్క పట్టుకుని, మెట్టుమెట్టూ ఎక్కిస్తున్నారు. కుర్చీలో ఉన్నది ఆ అక్క భర్త, గోడలకు రంగులేసే మేస్త్రి. రెండేళ్ల కింద పరంజా మీంచి పడ్డప్పటి నుంచీ ఆయనకు కాళ్లు స్వాధీనంలో లేవు. పన్నెండో మెట్టు దగ్గర ఆగి ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు.

"నీ నడుం విరిగిపోతోందన్నా," అంది ఇస్త్రీ అక్క. "వచ్చే బుధవారానికి ఇంకెవర్నన్నా అడుగుతాం."

"ఎవర్నీ అడగవు నువ్వు. నాకు తెలీదా." మావయ్య మీసం తుడుచుకున్నాడు. "అయినా నాకేం బరువు? నేను నిద్రలో మోస్తున్నాను."

కుర్చీలో మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వుకు కుర్చీ ఊగితే ముగ్గురూ కంగారుపడి, మళ్లీ ముగ్గురూ నవ్వారు. మేనకోడలు చాటునే నిలబడిపోయింది. చెప్పదలుచుకున్న మాట చెప్పకుండానే వెనక్కి వచ్చేసింది. దారిలో ఆమెకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

గురువారం టౌన్‌హాలు కిటకిటలాడింది. వేదిక మీద ముగ్గురు అభ్యర్థులు, ఒక చివర మూడు నోటుపుస్తకాలతో మేనకోడలు. ముందు వరుసలో మెత్త కుర్చీలో మావయ్య, పక్కన అత్తయ్య. ఎడిటరు "సభకు నమస్కారం" అన్నాడో లేదో మావయ్య తల వాలింది.

లాయరమ్మ లేచింది.

"ఈ అమ్మాయి పొల్లుపోకుండా రాస్తుందని మీ అందరికీ తెలుసు. చదువమ్మా. ఆసుపత్రికి ర్యాంపు కట్టిస్తానని నేనన్నానా?"

చివరి వరుస వెనక ఇస్త్రీ అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మేనకోడలు పుస్తకం తెరిచి, ఒక్కసారి ముందు వరుస వైపు చూసింది. మావయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. గడ్డం గుండెకు ఆనింది. మీసం మీద ఎప్పటిలాగే దూదిపింజ ఉంది.

అది కదలడం లేదు.

చిన్నప్పటి అలవాటుకొద్దీ ఆమె లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పది దాకా వెళ్లినా పింజ లేవలేదు. నిద్రపోయే మనిషి ఎవడూ అంతసేపు ఊపిరి బిగబట్టడు. అలిసిపోయిన పిల్లలకు సెలవు, నిలబడ్డ అమ్మాయిలకు స్టూళ్లు, ఎవర్నీ అడగలేని ఇస్త్రీ అక్కకు ర్యాంపు. ఇన్నేళ్లలో ఆ నిద్రలో ఆయనకంటూ ఒక్కటీ వినిపించలేదు. దొంగ నిద్రకు కూడా ఒక పద్ధతి ఉందన్నమాట. ఆమెకు మావయ్య మీద పట్టరాని ప్రేమ ముంచుకొచ్చింది.

"లేదు మేడం," అంది. "మీరనలేదు. కాంట్రాక్టరు గారూ అనలేదు, మాస్టారూ అనలేదు. నా పుస్తకంలో లేదు."

హాల్లో గుసగుసలు లేచాయి. కాంట్రాక్టరు హాయిగా వెనక్కి వాలాడు. మేనకోడలు తెల్ల పేజీ ఒకటి తిప్పి, కలం మూత తీసింది.

"ఇది కొత్త పేజీ మేడం. ఇప్పుడు అనండి, రాసుకుంటాను."

లాయరమ్మ ఆమె వంక చూసింది, జనం వంక చూసింది. పాతికేళ్లుగా అందర్నీ ఇరుకున పెట్టిన మనిషికి, ఇరుకున పడటం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసినట్టుంది.

"ఎన్ని మెట్లమ్మా అవి?"

"ముప్పై నాలుగండీ," అని ముందు వరుసలోంచి వినిపించింది. మావయ్య కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాయి.

ముందు నవ్వింది లాయరమ్మే. హాలంతా అందుకుంది. నవ్వు సద్దుమణిగాక ఆవిడ నెమ్మదిగా, కోర్టులో చెప్పినట్టు చెప్పింది.

"రాసుకో. గెలిస్తే ఏడాది తిరిగేలోగా ర్యాంపు కట్టిస్తాను. కమ్మీలతో సహా."

"కాంట్రాక్టరు గారూ, మీ పేజీ," అంది మేనకోడలు.

ఆయన ఫ్యాన్లతో సహా ఒప్పుకున్నాడు. హెడ్మాస్టరు తన కప్పూ బెంచీ ఎవరూ ఎత్తుకుపోకుండా ముందే చేయెత్తాడు. మీసం మీది దూదిపింజ అప్పుడు ఒక్కసారి ఎగిరి, కింద పడింది.

లాయరమ్మ గెలిచింది. ఎవరు గెలిచినా ఊరికి దిగుల్లేని ఎన్నిక తను చూసింది అదొక్కటేనని ఎడిటరు ఇప్పటికీ అంటాడు. మరుసటి ఏడు ర్యాంపు తెరిచారు. మేస్త్రి తన చక్రాల కుర్చీని తనే తోసుకుంటూ పైకి వెళ్లాడు. మధ్యలో బెంచీ దగ్గర, అలుపు లేకపోయినా, సరదాకి కాసేపు ఆగాడు. లాయరమ్మ నలభై నిమిషాలు మాట్లాడి, ముగించాక అలవాటుగా ముందు వరుస వైపు చూసి ఎదురుచూసింది.

మావయ్య లేవలేదు. ఆయన మీసం మీద దూదిపింజ లేస్తోంది, పడుతోంది. మేనకోడలు ఉపన్యాసం మాటే మరిచిపోయి లెక్కపెడుతోంది. తొంభై ఆరు దగ్గర అత్తయ్య ఆయన్ని మోచేత్తో పొడిచింది. ఆయన ఉలిక్కిపడి కళ్లు నులుముకున్నాడు.

"అయిపోయిందా? ఏం చెప్పిందే అమ్మాయ్?"

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. మేనకోడలు తెల్లగా ఉన్న తన పేజీ వంక చూసుకుంది.

"నాకూ కునుకు పట్టింది మావయ్యా. కల వచ్చింది. కలలో మైకు నీ చేతిలోనే ఉంది."

"నా చేతిలోనా? ఏమన్నానేం?"

"మన వంటింటి కప్పు రేపే బాగుచేయిస్తానన్నావు. అక్కడ నాకు దుఃఖం ఆగలేదు."

మావయ్య ఏదో అనబోయి, తల తిప్పి అత్తయ్య వైపు చూశాడు.

అత్తయ్య అప్పటికే ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"నేనూ విన్నాను," అంది.